బ్యాకప్‌ని ముట్టుకోకూడదు

మార్చి 4, మంగళవారం

మిణుగురు మళ్ళీ మెసేజ్ పెట్టింది.

పెట్టింది కాదు. పెట్టాడు. చెయ్యి ఇంకా పాత అలవాటు మానలేదు.

"శనివారం పదకొండింటికి. సినిమా హాలు వెనక పార్కింగ్. ఒక్కదానివే రా. రాకపోతే నువ్వు నాకు రాసినవన్నీ మీ నాన్న ఫోన్‌కి వెళ్తాయి. నంబరు ఉందిలే, వెబ్‌సైట్‌లో తనే పెట్టుకున్నాడు పాపం."

ఆ "పాపం" దగ్గర లాప్‌టాప్ మూసేశాను.

ఆన్‌లైన్‌లో బొమ్మలు వేసుకునేవాళ్ళ గ్రూపులో పరిచయం, మిణుగురు అనే పేరుతో. ఆగస్టులో. నాకూ పదిహేనేళ్ళే అంది. నేను వేసిన పిల్లికి మీసాలు తక్కువయ్యాయంది, నిజంగానే తక్కువయ్యాయి. అలా మొదలైంది. ఎవరికీ చెప్పనివన్నీ దానికి చెప్పాను. వాడికి. లెక్కల ట్యూషన్ ఎగ్గొట్టి లైబ్రరీలో కూర్చుంటున్నానని. అమ్మ కుళాయి తిప్పి పెట్టి బాత్రూంలో ఏడుస్తుందని. నాన్న గురించి. ఎక్కువగా నాన్న గురించే.

"మా నాన్నంటే నాకు సిగ్గు" అని రాశాను. అచ్చంగా అదే మాట. నాన్న ఆ రోజు ఫీజుకి గడువు అడగడానికి మోచేతి దగ్గర చిరిగిన చొక్కాతో స్కూలుకొచ్చాడు. ప్రిన్సిపాల్ ముందు ఇంగ్లీషులో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. గాజు తలుపు బయట నా క్లాసంతా ఉంది. ఇంటికొచ్చి రాసేశాను. సాయంత్రానికి నా కోపం పోయింది. మాట మాత్రం వాడి దగ్గర ఉండిపోయింది.

పోయిన నెల వాయిస్ కాల్ వచ్చింది. ఎత్తాను. అవతల మగ గొంతు నవ్వింది. మా సైన్సు సారు వయసుంటుంది ఆ గొంతుకి.

వాడు రాసేవన్నీ తెల్లారేసరికి నా వైపు కూడా మాయమైపోతాయి. ఆ యాప్‌లో అలా చెయ్యొచ్చట. నావి మాత్రం వాడి దగ్గర భద్రంగా ఉంటాయి. ఎవరికైనా చూపిద్దామన్నా నా దగ్గర ఏమీ లేదు.

అందుకే లాప్‌టాప్ మీద చెయ్యి పెట్టబుద్ధి కావట్లేదు. అందుకే ఈ పుస్తకం. ఇది తెలుగు ఊరు కాదు, తెలుగులో రాస్తే మా స్కూల్లో ఎవరికీ అర్థం కాదు. అమ్మకి తెలుగొచ్చు గానీ నా చేతిరాత దేవుడు దిగొచ్చినా చదవలేడని తనే అంటుంది.

ఇంట్లో నా మొహం చూసే తీరిక కూడా ఎవరికీ లేదు. ఊళ్ళోవాళ్ళ కోసం నాన్న వెనక గదిలోంచి నడిపే సర్వర్లు మొండికేశాయి.

మార్చి 5, బుధవారం

పొద్దున మళ్ళీ కరెంటు పోయింది. వీధి మొత్తం తవ్వి పోశారు, ఏదో ఒక తీగ తెగుతూనే ఉంది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, కొత్తది తెస్తానన్న బాబాయి ఇంకా తెస్తూనే ఉన్నాడు.

కరెంటొచ్చాక పెద్ద మిషన్ బాగానే లేస్తుంది. దాని లోపల పది చిన్న మిషన్లు ఉన్నట్టు నటించడం దాని ఉద్యోగం. నా చిన్నప్పుడు నాన్న అలాగే చెప్పాడు: "ఒకే ఇంట్లో పది కాపురాలు బుజ్జీ, ఎవరికి వాళ్ళు మొత్తం ఇల్లు మాదే అనుకుంటారు." రక్తపరీక్షల ల్యాబ్ వాళ్ళది ఒక కాపురం, పళ్ళ డాక్టరుది ఒకటి, లారీల వాళ్ళది ఒకటి. వాళ్ళని నిద్రలేపే వర్చువల్ సర్వీసు ఒకటుంటుంది. అదే మొరాయిస్తోంది. పెద్ద మిషన్ లేచాక కూడా అది నోరు తెరుచుకుని ఎటో చూస్తూ నిలబడుతుంది. అంతసేపూ ల్యాబ్‌లో రిపోర్టులు తెరుచుకోవు.

నేను బూట్లు వేసుకుంటుంటే వెనక గదిలోంచి వినిపించింది.

"అన్నయ్యా, ఇంతసేపట్లో మనిషైతే స్నానం చేసి, టిఫిన్ తిని, మళ్ళీ పడుకునేవాడు."

"నీ నోటికి తాళం వెయ్యి. పేర్లు వెతికే సర్వర్ దగ్గర ఆగుతోందేమో అనుకున్నా, కాదు. నెట్‌వర్కులు ఒక్కొక్కటీ తీసి చూశా, కాదు. ఎవరూ వాడని చిన్న మిషన్లన్నీ పీకి పారేశా. అదీ కాదు."

"మరి ఇదేంటి, బ్యాకప్ అని ఉంది?"

"బ్యాకప్."

"దేనికి బ్యాకప్?"

"బ్యాకప్‌రా! బ్యాకప్‌ని ముట్టుకోకూడదు. ఈ పనిలో మొదటి పాఠం అదే. ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

బాబాయి రెండు చేతులూ పైకెత్తి బయటికొచ్చాడు. "ముట్టుకోలేదు స్వామీ, పేరు చదివానంతే. చూశావా ప్రొఫెసరమ్మా, మీ నాన్నకి సర్వర్ కంటే కోపం తొందరగా స్టార్టవుతుంది."

నవ్వాను. నవ్వు వచ్చింది కూడా. ఎలా వచ్చిందో.

ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసింది. నాన్న స్పీకర్ ఆపడం మర్చిపోయాడు. "మీరు మంచివాళ్ళేనండీ. కాదనట్లేదు. మంచితనం ప్రింటర్‌లోంచి రిపోర్టు తీసివ్వదు కదా. ఈ వారంలో తేలకపోతే సోమవారం నుంచి వేరేవాళ్ళని చూసుకుంటాం."

ల్యాబ్ పోతే సగం పోయినట్టే. అది ఎవరూ పైకి అనలేదు.

మార్చి 5, సాయంత్రం

అమ్మతో చెప్పేద్దామనుకున్నా. కళ్ళద్దాల షాపు నుంచి వచ్చి కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చున్నా.

"ఏంటే అలా ఉన్నావ్? కళ్ళు లోపలికి పోయాయి. రేపు షాపుకి రా, చెక్ చేయిస్తా."

"కళ్ళు బానే ఉన్నాయమ్మా."

"మరి మొహం?"

"మొహం నీదే కదా."

"అబ్బో!" అని నెత్తి మీద ఒక్కటేసింది. నవ్వి, కళ్ళు మూసుకుంది. అంతే. ఆ నవ్వు మీద ఇది ఎలా పెట్టను?

శనివారం వెళ్ళి "ప్లీజ్" అంటే డిలీట్ చేస్తాడేమో. పగలే కదా. పార్కింగ్‌లో మనుషులుంటారు కదా.

ఉంటారు.

మార్చి 6, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

స్కూలు సగం పూటే. ఇంటికొచ్చేసరికి నాన్న, బాబాయి ల్యాబ్‌కి బయల్దేరుతున్నారు, వాళ్ళకి తాత్కాలికంగా ఏదో పెట్టివ్వడానికి.

"బుజ్జీ, నువ్వు మిషన్ దగ్గర కూర్చో. నేను ఫోన్ చేస్తే సర్వీసు ఆపి మళ్ళీ స్టార్ట్ చెయ్యి. లేచాక చెప్పు. ఇంకేం కెలక్కు."

ఫోన్ చేశాడు. చేశాను. సర్వీసు యథాప్రకారం నోరు తెరుచుకుని నిలబడింది. ఊరికే కూర్చోలేక పక్కన కమాండ్లు టైప్ చేసే టెర్మినల్ ఇంకోటి తెరిచాను. నడుస్తున్న ప్రోగ్రాము లోపల ఏం చేస్తోందో వరసగా చూపించే కమాండు ఒకటుంది. నాన్నే నేర్పాడు. "డాక్టరు గుండె మీద పెట్టి వింటాడే, ఇది అలాంటిది" అని. పెట్టాను.

అది ఆగిపోలేదు. పని చేస్తోంది! ఒక ఫైలు తెరుస్తుంది, మొదట్లో కాస్త చదువుతుంది, మూస్తుంది. ఇంకోటి తెరుస్తుంది, చదువుతుంది, మూస్తుంది. వాన కురిసినట్టు పేర్లు. అన్నీ ఒకే ఫోల్డర్‌లోవి. అన్నీ ఆ పాత డిస్కు మీదవి. ఫోల్డర్ పేరు బ్యాకప్.

దొరికింది అనుకున్నా. ఎంత సంతోషమేసిందో. నాన్నకి ఫోన్ చేయబోయాను కూడా.

సర్వీసు తన స్టోర్లు అని ఒక లిస్టు పెట్టుకుంటుంది. చిన్న మిషన్ల డిస్కులు ఎక్కడెక్కడ ఉన్నాయో అందులో ఉంటుంది. ఆ లిస్టులో బ్యాకప్ కూడా ఉంది. పక్కన "ఆటోస్టార్ట్: అవును". అంటే లేచినప్పుడల్లా ఆ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలునీ తెరిచి, ఇదేమైనా డిస్కా కాదా అని చూసుకుంటోంది. అదే ఫోల్డర్ అడుగున పళ్ళ డాక్టరు మిషన్‌కి వేసిన ఇన్‌స్టలేషన్ ఫైలు కూడా పడి ఉంది. నాకు వెంటనే వెలిగింది. నాన్న ఆ ఫైలుని కమాండుతో కాకుండా మౌస్‌తో నొక్కే టూల్‌లోంచి ఎంచుకుని ఉంటాడు. ఏ ఫోల్డర్‌లోంచి ఎంచుకుంటే ఆ ఫోల్డర్‌ని అది చెప్పాపెట్టకుండా స్టోర్ల లిస్టులో కలిపేస్తుంది, ఆటోస్టార్ట్ కూడా తనే పెట్టేస్తుంది. ఈ ఆలస్యం మొదలైంది కూడా పళ్ళ డాక్టరు మిషన్ పెట్టిన వారమే.

ఇంతవరకూ బాగుంది. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

ఇన్ని లక్షల ఫైళ్ళు దేని బ్యాకప్పా అనిపించింది. పేర్లన్నీ తేదీ, టైము. ఫొటోల ఫైళ్ళు. ఒకటి తెరిచాను.

నా లాప్‌టాప్ స్క్రీను.

వెనక నేను వేసిన పిల్లి. ముందు హిస్టరీ హోంవర్కు. మూలన నేను వింటున్న పాట.

ఇంకోటి తెరిచాను. మిణుగురుతో నేను. ఇంకోటి. మిణుగురుతో నేను.

తర్వాత నేను కావాలనే ఆ రోజు తేదీ వెతికాను. ప్రిన్సిపాల్ రోజు. ఉంది. పెద్ద అక్షరాల్లో ఉంది. నేను టైప్ చేస్తుండగా ఒకటి, పంపించాక ఒకటి.

లాప్‌టాప్ కొన్న రోజు నుంచీ నా స్క్రీను ఫొటోలు. ప్రతి కొన్ని సెకన్లకీ ఒకటి.

ఫోన్ మోగింది. "లేచిందా?"

"లేదు."

"ఇంకానా?"

"ఇంకా."

"సరేలే బంగారం, కంగారు పడకు. గొంతేంటి అలా ఉంది?"

"దాహం."

ఫోన్ పెట్టేసి ఫోల్డర్ మూసేశాను.

మార్చి 6

నాన్నకి తెలుసు.

నాన్నకి తెలుసు. ట్యూషన్ సంగతి తెలుసు. వాయిస్ కాల్ తెలుసు. పార్కింగ్ తెలుసు.

సిగ్గు తెలుసు.

రాత్రి భోజనాల దగ్గర నా ప్లేట్లో గుడ్డు వేసి "తిను, ఎముకలు లెక్కపెట్టేలా ఉన్నావ్" అన్నాడు. అన్నీ చదివిన మనిషి గుడ్డు ఎలా వేస్తాడు? అమ్మ ఏదో అంది, ఈ మధ్య ఇది ఏదో దాస్తోందని. నాన్న నవ్వి, "దీనికేం రహస్యాలుంటాయే, అద్దంలాంటి పిల్ల" అన్నాడు.

గుడ్డు పక్కకి తోశాను. ఎవరూ పట్టించుకోలేదు.

నన్ను ఏడిపిస్తున్నాడా? పరీక్షిస్తున్నాడా? ఇప్పుడు అర్థమవుతోంది, ఆ రోజు తర్వాతే స్కూలు గేటు దాకా రావడం మానేశాడు. మలుపు దగ్గరే దింపి వెళ్ళిపోతున్నాడు. నేను సిగ్గుపడకూడదని! చదివాడు కాబట్టే.

సర్వర్ సంగతి ఎలా చెప్పను? ఎందుకు ఆలస్యమవుతోందో చెప్తే, చూశానని చెప్పినట్టే. చెప్పకపోతే ల్యాబ్ పోతుంది.

అయినా నాన్నకి తెలుసు. వాడు రాసేది నాన్న చూస్తూనే ఉన్నాడు. శనివారం పదకొండింటికి నేను ఇల్లు కదిలితే గుమ్మం దగ్గర ఆపేస్తాడు. ఆపడానికి ఏదో ఆలోచించి పెట్టుకునే ఉంటాడు. అందుకే నవ్వుతున్నాడు.

అంతే. అదే అయి ఉంటుంది.

మార్చి 7, శుక్రవారం, పొద్దున

స్కూలు బయట నిలబడి వాడికి మెసేజ్ పెట్టేశాను.

"నేను రాను. పంపుకో. మా నాన్నకి అన్నీ తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు."

చాలాసేపు ఏదో టైప్ చేస్తున్నట్టు కనిపించింది. తర్వాత: "అబద్ధం."

"పంపి చూడు."

"సరే. రేపటిదాకా ఎందుకు, ఈ సాయంత్రమే పంపిస్తా. నీ ఫ్రెండ్స్ ముందు ఏడవకు."

ఏడవలేదు. ఆకలేసింది. క్యాంటీన్‌లో రెండు బన్నులు తిన్నాను. పక్క సీటు అమ్మాయి, "ఏంటి, పెళ్ళి కుదిరిందా? వెలిగిపోతున్నావ్" అంది. ఎన్నాళ్ళయిందో నేను అలా ఊపిరి పీల్చి.

ఇంటికెళ్ళగానే నాన్నకి సర్వర్ సంగతి చెప్పేస్తా. కోప్పడతా కూడా. అడక్కుండా నా స్క్రీను ఎలా చూస్తావని గట్టిగా అడుగుతా. తర్వాత మంచి చేసుకుంటా.

మార్చి 7, శుక్రవారం

అక్షరాలు ఎలా వస్తే అలా.

బాబాయి ఎట్టకేలకు బ్యాటరీ కోసం వెళ్ళాడు. అమ్మ షాపు నుంచి రాలేదు. నాన్న ఒక్కడే వెనక గదిలో, కీబోర్డు పక్కన చల్లారిపోయిన టీ.

"నాన్నా, ఎందుకు లేట్ అవుతోందో నాకు తెలుసు."

"చెప్పండి డాక్టరుగారూ" అన్నాడు తల తిప్పకుండానే.

నేను స్టోర్ల లిస్టు తెరిచి, వేలు పెట్టి చూపించాను. "ఇది తీసెయ్."

"అది బ్యాకప్ బుజ్జీ, బ్యాకప్‌ని..."

ఆగిపోయాడు. అప్పుడు తిప్పాడు తల. నేనే మౌస్ లాక్కుని ఆటోస్టార్ట్ టిక్కు తీసేశాను, ఆ పేరుని లిస్టులోంచి తొలగించాను. ఫైళ్ళ జోలికి పోలేదు, అవి ఎక్కడివక్కడే ఉన్నాయి. సర్వీసు ఆపి మళ్ళీ స్టార్ట్ చేశాను.

రెప్ప వేసేలోపు లేచింది.

నెల రోజులుగా దానికోసం తిండి మానేశాడు మనిషి. పది పేర్లూ పచ్చగా వెలుగుతుంటే వాటి వైపు చూడను కూడా లేదు.

"చూశావా?" అన్నాడు.

"చూశాను."

"ఎన్ని?"

"సరిపోయినన్ని."

పాత బ్యాటరీ పెట్టె మీద కూలబడ్డాడు. నేను నిన్నంతా తయారుచేసుకున్న మాటలన్నీ అడిగేశాను. అడక్కుండా ఎలా చూస్తావ్, దొంగలా, అమ్మకి కూడా తెలుసా, అని. అమ్మకి తెలీదన్నాడు. తప్పన్నాడు. మొహం ఎత్తలేదు. నాకు జాలేసింది, అందుకే అనేశాను:

"పోనీలే. నేను రాసింది చదివి కూడా ఏమీ అనలేదు నువ్వు. గేటు దాకా రావడం మానేశావు, అంతే."

"ఏ గేటు?"

"స్కూలు గేటు."

"అక్కడ రోడ్డు తవ్వారు కదే. బండి ఎక్కడ పెట్టను?" అయోమయంగా చూశాడు. "నువ్వు ఏం రాశావు?"

"నటించకు నాన్నా."

"ఒట్టు. నీ మీద ఒట్టు బుజ్జీ. ఒక్కటి కూడా తెరవలేదు. నీకు లాప్‌టాప్ కొన్నప్పుడు పేపర్లో ఏదో చదివి భయపడి, స్క్రీను ఫొటోలు తీసే ప్రోగ్రాము పెట్టాను. మర్నాడే తెరవబోయాను, చెయ్యి రాలేదు. తెరిస్తే నీ మొహం ఎలా చూస్తాను? అవసరమొస్తే చూద్దాంలే అనుకున్నా. ఎవరూ ముట్టుకోకుండా బ్యాకప్ అని పేరు పెట్టా. తర్వాత నేనూ ముట్టుకోలేదు." కొంచెం నవ్వడానికి ప్రయత్నించాడు. "అవసరం రాలేదు కదా."

అవసరం రాలేదు.

గోడ పట్టుకున్నాను. నిన్నటినుంచీ నేను దేన్ని పట్టుకుని నిలబడ్డానో అది అక్కడ లేదు. ఎవరూ చూడలేదు. వాడు నవ్విన రోజు ఎవరూ చూడలేదు. పార్కింగ్ ఎవరికీ తెలీదు. గుమ్మం దగ్గర ఎవరూ ఆపేవాళ్ళు కాదు. నేను పొద్దున వాడికి పంపుకో అన్నాను. నేనే అన్నాను.

"రాలేదని నీకెలా తెలుసు?" అన్నాను.

"ఏంటి?"

"అవసరం రాలేదని నీకెలా తెలుసు నాన్నా? పెట్టినవాడివి చూడాలి కదా. చూడకపోతే ఎందుకు పెట్టావ్? చూడకపోవడం మంచితనం అనుకుంటున్నావా?"

అది ఆయనకి వేరేలా అర్థమైంది. లేచి, టెర్మినల్ ముందు కూర్చుని, "తీసేస్తున్నా. అన్నీ. నీ కళ్ళ ముందే తీసేస్తున్నా, ఒక్కటి కూడా ఉంచను" అంటూ కమాండు కొట్టేశాడు. డిస్కు గరగరలాడడం మొదలుపెట్టింది. "నన్ను క్షమించవే" అంటున్నాడు.

వాడు రాసినవి తెల్లారేసరికి మాయమవుతాయి. నా దగ్గర లేవు. ఎక్కడా లేవు. ఉన్నది ఈ డిస్కు మీదే.

నాన్న భుజం మీదుగా వంగి కంట్రోల్ సీ కొట్టాను. గరగర ఆగింది.

"ఏంటే?"

"అవి కావాలి."

అప్పుడే టీ కప్పు పక్కన నాన్న ఫోన్ వణికింది. ఒకసారి. మళ్ళీ. ఆగకుండా. తెలియని నంబరు. నాన్న చెయ్యి అటు వెళ్ళింది.

"తీయకు."

"ల్యాబ్ వాళ్ళేమో..."

"తీయకు నాన్నా! ముందు నేను చెప్తా. అందులో నీ గురించి ఉంది. నేను రాసిందే. నేను చెప్పాక చూడు."

ఫోన్ వణుకుతూ కీబోర్డు దాకా జరిగింది. నాన్న దాని మీద అరచెయ్యి పెట్టి అదిమి పట్టుకున్నాడు. చెయ్యి తీయలేదు. "చెప్పు" అన్నాడు.

పిల్లి మీసాల దగ్గర మొదలుపెట్టాను. ట్యూషన్ చెప్పాను. కుళాయి చెప్పాను. ఆ మాట దగ్గరికొచ్చేసరికి రాలేదు, మూడుసార్లు మొదలుపెట్టి ఆగిపోయాను. చివరికి అనేశాను. మా నాన్నంటే నాకు సిగ్గు అని రాశాను, అని.

నాన్న అరచెయ్యి వైపే చూశాడు. "ప్రిన్సిపాల్ దగ్గరికి వచ్చిన రోజా?"

"ఊఁ."

"నాక్కూడా వేసిందిలే ఆ రోజు."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. ఏడుస్తూనే మిగతాది చెప్పాను. గొంతు. శనివారం. ఎక్కడికి రమ్మన్నాడని అడిగాడు. చెప్పాను. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాను. "ఒక్కదానివేనా రమ్మన్నాడు?" అన్నాడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి. నాన్న మొహం అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. "వెళ్దామనుకున్నావా?"

"బుధవారం అనుకున్నా."

లేచి గదిలో అటూ ఇటూ తిరిగాడు. గోడని ఒక్కటి గుద్దాడు. తర్వాత వచ్చి కూర్చుని, జేబులోంచి కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి పెట్టుకున్నాడు.

"ఎక్కణ్ణుంచి చూడాలి?"

"ఆగస్టు. కానీ నువ్వు కొన్ని తీసేశావు."

"ఎంతవరకు ఉన్నాయో అంతవరకు."

మొదటిది తెరిచాడు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నా. వెళ్ళలేదు. అమ్మ వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి, "ఏమైంది? ఎవరైనా పోయారా?" అంది.

మార్చి 8, శనివారం

పదకొండింటికి ఆ పార్కింగ్‌లో మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులున్నారట. వాడు వచ్చాడో లేదో మాకింకా చెప్పలేదు.

మేం ముగ్గురం స్టేషన్‌లో. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి ఆగిపోయిన ఫ్యాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని వదల్లేదు, వేళ్ళ ముద్రలు ఇప్పటికీ ఉన్నాయి. నాన్న ఒళ్ళో తువ్వాలులో చుట్టిన డిస్కు. ల్యాబ్ మేడమ్ ఫోన్ చేసి ఇప్పుడు ఎంత తొందరగా తెరుచుకుంటోందో అని మెచ్చుకుందట. నాన్న ఎత్తలేదు, బాబాయి ఎత్తాడు.

ఇన్‌స్పెక్టరమ్మ మెత్తగానే మాట్లాడింది. "ఎవరు చెప్తారు?" అంది. నాన్న నోరు తెరిచి, మూసి, నా వైపు చూశాడు. నేనే చెప్పాను. నిన్నటికంటే తేలిగ్గా వచ్చింది. ఆ మాట కూడా.

ఆవిడ రాసుకుంటూ రాసుకుంటూ డిస్కు వైపు చూసింది. "వాడు పంపినవన్నీ ఇందులో ఉన్నాయా?"

"ఉన్నాయండీ, చాలావరకు" అన్నాడు నాన్న.

"మొదట్నుంచీ మీ దగ్గరే ఉన్నాయా?"

"మా ఇంట్లోనేనండీ."

"మరి ఇన్నాళ్ళూ మీరేం చేశారండీ? చూసి ఊరుకున్నారా?"

"చూడలేదండీ."

ఆవిడ పెన్ను ఆగింది. "ఒక్కటి కూడానా?"

పక్క టేబుల్ కానిస్టేబుల్ కూడా తలెత్తాడు. అమ్మ కూడా నాన్న వైపు తిరిగింది.

"ఒక్కటి కూడా చూడలేదండీ" అన్నాడు నాన్న. అందరికీ వినపడేలా, ఇంగ్లీషులో, ఎక్కడా ఆగకుండా అన్నాడు.

నాకు కోపం పోలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా ఉంది. కానీ కుర్చీ నాన్న కుర్చీకి ఆనేలా జరుపుకున్నాను. నేల మీద అది ఎంత చప్పుడు చేసిందంటే, అందరూ నా వైపు చూశారు. చూడనిచ్చాను.